చెట్ల నీళ్ల సంచులు: తొలి వేసవికి సరే, రెండో వేసవికి వద్దు

లేత చెట్టు మొదలు చుట్టూ తిప్పి జిప్పు వేసి, నీళ్లు నింపి వదిలేసే మందపాటి ప్లాస్టిక్ సంచులు ఇప్పుడు చాలా రకాలు దొరుకుతున్నాయి. అడుగు కుట్టు దగ్గర సన్నటి రంధ్రాలు రెండో మూడో ఉంటాయి. వాటిలోంచి నీళ్లు కొన్ని గంటలపాటు బొట్లుబొట్లుగా నేలలోకి దిగుతాయి. ఇంతకు మించి ఇందులో గొప్ప యంత్రాంగమేమీ లేదు. నాటిన మొదటి ఎండాకాలం గట్టెక్కించడానికి ఇది పనికొచ్చే వస్తువే. కానీ అట్టపెట్టె మీద రాసినట్టు వారానికోసారి నింపేసి మరచిపోతే మాత్రం మొక్క దక్కకపోవచ్చు. రెండో వేసవి వచ్చేసరికి దీని పని దాదాపు అయిపోతుంది.

కొత్తగా నాటిన చెట్టుకు ఎండల్లో వచ్చే కష్టం నేలలో నీళ్లు లేకపోవడం ఒక్కటే కాదు, ఉన్న నీళ్లను అందుకునే వేళ్లు లేకపోవడం కూడా. నేలలోంచి తవ్వి తెచ్చిన చెట్టయితే వేళ్లలో ఎక్కువ భాగం ఆ తవ్విన చోటే ఉండిపోతుంది. కుండీలో పెరిగినదైతే వేళ్లన్నీ కుండీ మట్టిలోనే చుట్టుకుని ఉంటాయి. నాటాక తొలి నెలల్లో ఆకులకు కావలసిన ప్రతి చుక్కా వేళ్లను పట్టుకుని ఉన్న ఆ మట్టిగడ్డలోంచే రావాలి. జానెడు అవతల నేల ముద్దముద్దగా తడిసి ఉన్నా, గడ్డ ఎండిందంటే మొక్క వాడిపోతుంది. పైపు పట్టుకుని చుట్టూ చల్లితే పై రెండు అంగుళాలు తడుస్తాయి, సాయంత్రానికి ఆరిపోతాయి. సంచి గడ్డ మీదే, నెమ్మదిగా, పక్కకు పారకుండా నీళ్లు వేస్తుంది. దీన్ని కొనడానికి అసలు కారణం ఇదొక్కటే.

వీటిలో రెండు ఆకారాలు. ఒకటి నిలువు సంచి. కాండాన్ని చుట్టి జిప్పు మూసేస్తే చిన్న గుడారంలా నిలబడుతుంది. బాగా పేరున్న ట్రీగేటర్ బ్రాండు నిలువు సంచిలో 20 గ్యాలన్లు, అంటే సుమారు 75 లీటర్లు పడతాయి. ఖాళీ కావడానికి 5 నుంచి 9 గంటలు పడుతుందని కంపెనీ చెబుతుంది. కాండం మరీ లావైతే రెండు సంచులను ఒకదానికొకటి జిప్పుతో కలిపి చుట్టొచ్చు. రెండోది నేల మీద గుండ్రంగా పరుచుకునే రింగు సంచి, 55 లీటర్లకు అటూ ఇటూ పడుతుంది. కొమ్మలు కిందనుంచే మొదలయ్యే చెట్లకు, పొదలకు, సన్నటి మొక్కలకు రింగే సరైనది. నిలువు సంచికి నేలనుంచి కనీసం 60 సెంటీమీటర్ల వరకు కొమ్మలు అడ్డు రాకూడదు, కాండం మందం 2.5 సెంటీమీటర్లయినా ఉండాలి. ఇది షోకు కోసం పెట్టిన నియమం కాదు. 75 లీటర్లంటే 75 కిలోలు. నేల కాస్త వాలుగా ఉండి అంత బరువూ ఒక పక్కకు ఒరిగితే, వేలెడు లావు కాండం దానితోపాటే వంగుతుంది, గడ్డ కూడా నేలలో కదిలిపోతుంది. కదిలిన గడ్డలో అప్పుడప్పుడే బయటికొస్తున్న లేత వేళ్లు తెగిపోతాయి. సన్న మొక్కకు నిలువు సంచే వాడాల్సి వస్తే, దాన్ని మొక్కకు కాకుండా పక్కన గట్టిగా పాతిన ఊతకర్రకు చుట్టి, రంధ్రాలు మొక్క మొదలు వైపు తిరిగేలా పెట్టండి.

నెమ్మదిగా కారుతుంది కాబట్టి నీళ్లు పారిపోవు అన్న మాట సగమే నిజం. లెక్క చూడండి. నిలువు సంచి కింద తడిసే చోటు అర చదరపు మీటరు అనుకుందాం. చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు మందం. ఆ లెక్కన 75 లీటర్లంటే 150 మిల్లీమీటర్లు. ఎనిమిది గంటల్లో అది దిగాలంటే గంటకు సగటున 19 మిల్లీమీటర్లు. ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్ల పైనే పీల్చుకుంటుంది, గరప నేల 10 నుంచి 20, బంకమట్టి 1 నుంచి 5. అంటే ఇసుక పాలు ఎక్కువున్న నేలలో ఇబ్బంది లేదు, గరప నేలలో బొటాబొటిగా సరిపోతుంది, బంకమట్టిలో మాత్రం సంచి కింద నుంచి నీళ్లు బయటికి పాకడం ఖాయం. పైగా సంచి నిండుగా ఉన్నప్పుడు ఒత్తిడి ఎక్కువ కాబట్టి తొలి గంటలో కారేది సగటుకు దాదాపు రెట్టింపు ఉంటుంది, పోనుపోను తగ్గుతుంది. అందుకని బంకమట్టి లాంటి బరువైన నేలల్లో సంచి ఉన్నా సరే పాదు చేయాల్సిందే. సంచి అంచుకు జానెడు ఎడంగా, 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున గట్టు కట్టండి. పొంగిన నీళ్లు అక్కడ నిలిచి మెల్లగా ఇంకుతాయి. రింగు సంచిలో నీళ్లు తక్కువ, పరుచుకునే చోటు ఎక్కువ. 90 సెంటీమీటర్ల వెడల్పు వలయంలో 55 లీటర్లు ఏడు గంటల్లో దిగితే గంటకు 12 మిల్లీమీటర్లే. బంకమట్టి నేలల్లో నిలువు సంచికన్నా రింగే మేలు అనడానికి ఇదే ఆధారం.

బిగించడం అయిదు నిమిషాల పని, కానీ మొదటిసారి చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ముందు మొదలు చుట్టూ ఎండుటాకులు, పొట్టు లాంటివి పరిచిన మల్చింగ్‌ను పక్కకు లాగి, రాళ్లు, పుల్లలు ఏరేసి, నేల చదును చేయండి. రంధ్రాల కింద గులకరాయి ఉంటే సంచి ఎత్తుగా నిలిచి ఒక పక్కే కారుతుంది, పుల్ల ఉంటే అడుగు చిరుగుతుంది. సంచిని కాండానికి చుట్టి, జిప్పును కిందనుంచి పైకి లాగండి. పైపు మూతిలో పెట్టే ముందు అందులోని నీళ్లు కాసేపు బయటికి వదిలేయండి, ఎండలో పడున్న పైపులో తొలి నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. పావు వంతు నిండాక ఆపి, పైనున్న పట్టీలు రెండూ పట్టుకుని సంచిని మెల్లగా పైకి లాగి సర్దండి. ఈ ఒక్క పని మానేస్తే మడతలు విడవక సగం నీళ్లే పడతాయి, సంచి పక్కకు కూలబడుతుంది. తర్వాత పూర్తిగా నింపి, మూతి మడత వేసేయండి. జిప్పు కొస దగ్గర కాండానికీ సంచికీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి.

నింపే వేళ సాయంత్రమో, తెల్లవారుజామునో. మధ్యాహ్నం నింపితే ముదురు రంగు సంచిలో నీళ్లు వేడెక్కి, ఆ వేడి నీళ్లే వేళ్ల మీద పడతాయి.

ఇక వారానికోసారి అన్న మాట. తయారీదారులు సాధారణంగా 5 నుంచి 7 రోజులకోసారి నింపమంటారు. వారానికి కావలసిన మొత్తం వరకైతే సంచి కొలత బాగానే కుదురుతుంది. నేలనుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున కాండం ఎంత లావుంటే, ప్రతి సెంటీమీటరుకూ వారానికి సుమారు 15 లీటర్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క. 3 సెంటీమీటర్ల కాండానికి 45 లీటర్లు, 5 సెంటీమీటర్లకు 75, అంటే సరిగ్గా ఒక నిండు సంచి. చిక్కంతా విడతల దగ్గరే.

కుండీలో పెరిగిన చెట్టును తీసుకోండి. 45 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతున్న గడ్డ ఘనపరిమాణం దాదాపు 64 లీటర్లు. కొబ్బరి పొట్టు, బెరడు ముక్కలు కలిపిన నర్సరీ మట్టిలో మొక్క తీసుకోగలిగే నీరు పావు వంతు అనుకున్నా 16 లీటర్లే. పొడి గాలి వీచే ఎండ రోజుల్లో చదరపు మీటరు పచ్చదనం నుంచి రోజుకు 6 నుంచి 8 లీటర్లు ఆవిరవుతుంది. చదరపు మీటరు నీడ ఇచ్చే చెట్టయినా ఆ 16 లీటర్లను రెండు మూడు రోజుల్లో ఖర్చు పెట్టేస్తుంది. సంచి పోసిన 75 లీటర్లలో మిగతాదంతా గడ్డ దాటి చుట్టూ నేలలోకి పోయింది, అక్కడింకా వేళ్లు లేవు. పైగా గడ్డలోని గుల్ల మట్టి పక్కన సన్న రేణువుల నేల ఉంటే, అది గడ్డలోని నీళ్లను కూడా తనవైపు లాక్కుంటుంది. నాలుగో రోజునుంచి ఏడో రోజు దాకా మొక్క ఎండుతూనే ఉంటుంది. మనకు మాత్రం సంచి కనబడుతుంది కాబట్టి నీళ్లు అందుతున్నాయనే ధీమా.

కాబట్టి వారానికి ఒక నిండు సంచికి బదులు, మూడు రోజులకోసారి సగం సంచి. మొత్తం నీళ్లు దాదాపు అంతే, మొక్కకు అందేది ఎక్కువ. నాటిన తొలి రెండు వారాలయితే సంచి ఉన్నా లేకపోయినా రోజూ గడ్డ మీద కొద్దిగా పోయాలి, కాండం ప్రతి సెంటీమీటరు లావుకూ 2 లీటర్ల లెక్కన. తర్వాత రెండు మూడు నెలల వరకు రెండు మూడు రోజులకోసారి. ఆ పైన వారానికోసారికి మెల్లగా జరపొచ్చు, అప్పుడు కంపెనీ మాట నిజమవుతుంది. తొలి రెండు వారాలూ రోజూ వెళ్లక తప్పదు. ఆ తర్వాత వారానికి రెండుసార్లే వెళ్లగలిగే చోట, పైపు పట్టుకుని గంటసేపు నిలబడే తీరిక లేని చోట, సంచి నిజంగా శ్రమ తగ్గిస్తుంది.

నీళ్లు గడ్డలోకి దిగాయో లేదో సంచిని చూసి చెప్పలేం. నింపిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్‌ను మొదలుకు 15 సెంటీమీటర్ల దూరంలో ఒకసారి, గడ్డ అంచు దాటాక ఒకసారి గుచ్చి చూడండి. తడి నేలలో 15 నుంచి 20 సెంటీమీటర్లు సులువుగా దిగుతుంది, పొడి నేల దగ్గర ఆగిపోతుంది. బయట సులువుగా దిగి లోపల ఆగితే గడ్డ పూర్తిగా ఎండి నీళ్లను పీల్చడం మానేసిందని అర్థం. అప్పుడు సంచి పక్కన పెట్టి, పాదులో కొద్దికొద్దిగా గంటకోసారి మూడు నాలుగు విడతలు పోస్తేగాని అది మళ్లీ నానదు. మధ్యాహ్నం ఆకులు వాలి, పొద్దు వాలాక లేచి నిలబడితే కంగారు అక్కర్లేదు. తెల్లవారి చూసినా వాలే ఉంటే గుచ్చి చూడాల్సిందే. నేల పొడిగా ఉంటే నీళ్లు. తడిగా, పుల్లటి వాసనతో ఉంటే వేళ్లు ఊపిరాడక కుళ్లుతున్నాయి, సంచి వెంటనే తీసేయండి. ఈ రెండో రకంగా వాడిపోవడాన్ని చూసి ఇంకో సంచి నింపి చెట్టును చంపేసేవాళ్లు ఎక్కువ.

లోపాల్లో మొదటిది రంధ్రాలు పూడుకుపోవడం. బోరు నీళ్లలోని సున్నం, చెరువు నీళ్లలోని ఒండ్రు, సంచి లోపల పట్టే నాచు, ఏదైనా చాలు. కనిపెట్టడం కష్టం కాదు. నిండుగా పోసిన సంచి ఖాళీ కావడానికి పట్టే సమయంలో సగం గడిచేసరికి నాలుగింట మూడొంతుల నీళ్లు పోవాలి. మర్నాటికి కూడా సగం దాకా మిగిలితే పూడింది, రెండు గంటల్లో చప్పబడితే ఎక్కడో చిరిగింది. పూడిన రంధ్రంలో సూది గుచ్చేయాలనిపిస్తుంది. వద్దు, కాస్త వెడల్పయినా కారే వేగం బాగా పెరిగిపోతుంది. సంచిని తిరగేసి బయటివైపునుంచి పైపు నీళ్లు ఒత్తిడితో కొట్టి, వేళ్లతో నలిపితే చాలావరకు వదులుతుంది. సున్నం గట్టిపడితే అడుగు భాగాన్ని కాసేపు వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టండి. నింపేటప్పుడు పైపు మూతికి సన్న గుడ్డ కట్టడం ఇంకా తేలిక. పూడిన సంచిలో నీళ్లు వారం పైన నిలిస్తే దోమలు కూడా పెరుగుతాయి, మూతి తెరిచి ఉంటే మరీను.

రెండో లోపం రంధ్రాలంత చిన్నది కాదు. సంచి లోపల కాండం బెరడు ఎప్పుడూ చెమ్మగా, చీకటిగా, గాలి ఆడకుండా ఉంటుంది. చెదలు, చీమలు, ఎలుకలు చేరతాయి, బెరడు మెత్తబడి బూజు పడుతుంది. పైనుంచి కనబడదు కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది. నీళ్లు ఖాళీ అయిన ప్రతిసారీ కాకపోయినా, రెండు వారాలకోసారయినా జిప్పు విప్పి రెండు మూడు రోజులు బెరడును ఆరనివ్వాలి. వర్షాలు మొదలయ్యాక అసలు ఉంచకూడదు. వేసవి మధ్యలో ఒక్కసారిగా తీసేసినా చిక్కే, నెలల తరబడి నీడలో ఉన్న బెరడు మధ్యాహ్నపు ఎండ తగిలే వైపు కమిలి పగుళ్లిస్తుంది. నీళ్లు కలిపే రకం తెల్ల రంగును సమానంగా నీళ్లతో పలచన చేసి కాండానికి పూస్తే సరిపోతుంది. నూనె రంగులు మాత్రం పూయకండి. రింగు సంచిలో ఈ బాధ తక్కువ, దాని లోపలి అంచు కాండానికి ఎడంగా ఉంటుంది.

సంచిలో ఎరువు కలిపి పోయొచ్చన్న ప్రచారాన్ని ఎండల్లో పట్టించుకోకండి. నత్రజనితో వచ్చే లేత చిగుళ్లకు ఇంకా ఎక్కువ నీళ్లు కావాలి, ఎండిన గడ్డలో లవణాలు వేళ్లను కాలుస్తాయి. కొమ్మల కత్తిరింపు కూడా అంతే, విరిగినవీ ఎండినవీ తప్ప ఎండలు తగ్గాక చూసుకోవచ్చు.

సంచి కొన్నా మల్చింగ్ తప్పదు. సంచి అంచునుంచి మొదలుపెట్టి వీలైతే మీటరు వెడల్పున ఎండుటాకులు గానీ, చెక్క పొట్టు గానీ, గడ్డి గానీ 5 నుంచి 10 సెంటీమీటర్ల మందం పరచండి. సంచి తీసినప్పుడు కూడా కాండానికి జానెడు దూరం వదలాలి. సంచి నీళ్లు పోస్తుందే తప్ప ఆవిరిని ఆపదు. మల్చింగ్ ఒక్కటే చేసి బక్కెట్‌తో పోసిన మొక్క, మల్చింగ్ లేని సంచి మొక్కకన్నా బాగుంటుంది. ఇందులో మాకు అనుమానం లేదు. వేడిగాడ్పులు కొట్టే చోట 30 నుంచి 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్‌ను పడమర వైపు కట్టినా చాలు. ఆకులకు తగలకుండా, పైన గాలి ఆడేలా కట్టాలి.

డబ్బు పెట్టకుండా ఇదే పని చేసే సాధనం పాత ప్లాస్టిక్ బక్కెట్. 20 లీటర్ల బక్కెట్ అడుగున అంచు దగ్గర 2, 3 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు పెట్టి గడ్డ మీద ఉంచండి. సంచికన్నా త్వరగా ఖాళీ అవుతుంది, కానీ కాండాన్ని తాకదు, కుట్టు ఊడదు, చిన్న మొక్కలకు కొలత కూడా సరిపోతుంది. ఒకటి రెండు మొక్కలున్నవాళ్లు సంచి కొనక్కర్లేదు. నీళ్ల కుళాయి దగ్గర్లో ఉండి మొక్కలు పది దాటితే గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు నాలుగు పెట్టిన రింగు పైపు మేలు. మూడు గంటలు వదిలితే 48 లీటర్లు, చెట్టు పెరిగేకొద్దీ వలయాన్ని వెడల్పు చేసుకోవచ్చు. లోతుకు నీళ్లు పంపుతామంటూ అమ్మే రంధ్రాల గొట్టాలు కొత్త చెట్లకు అంత మంచివి కావు. వేళ్లు పై అడుగు, అడుగున్నరలోనే ఉంటే నీళ్లు వాటిని దాటి కిందకు పోతాయి.

ఏడాది తిరిగేసరికి వేళ్లు గడ్డ దాటి ఆకుల నీడ అంచు వైపు సాగుతాయి. అప్పుడు కూడా మొదలు దగ్గరే నీళ్లు పోస్తుంటే కొత్త వేళ్లున్న చోటు ఎండుతుంది, కాండం మొదలు నానుతుంది. నిలువు సంచి చోటు మార్చుకోలేదు. దీనికి మందు లేదు, తీసేయడమే. కావాలంటే అదే సంచిని నీడ అంచున పాతిన కర్రకు చుట్టి, ప్రతిసారీ ఒక్కో వైపు మారుస్తూ వాడొచ్చు. పని పెరుగుతుంది గాని వృథా పోదు.

కొనేటప్పుడు మూడు చోట్ల చూడండి. జిప్పు లావు పళ్లతో, ప్లాస్టిక్‌దై ఉండాలి. సన్న పళ్లలో ఇసుక ఇరుక్కుంటే రెండో నెలకే ఇక కదలదు. పట్టీలు సంచి పై అంచుకే కాకుండా కిందివరకు కుట్టి ఉండాలి, నిండుగా ఉన్నప్పుడు లాగితే చిరిగేది అక్కడే. ప్లాస్టిక్‌కు ఎండను తట్టుకునే గుణం లేకపోతే ఒక్క వేసవికే పెళుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. కొన్న రోజే చెట్టుకు తొడగకుండా చదును నేల మీద ఊతకర్రకు చుట్టి సగం నింపి, ఎన్ని గంటల్లో ఖాళీ అయిందో రాసి పెట్టుకోండి. తర్వాత పూడిందా, చిరిగిందా అని పోల్చుకోవడానికి ఆ అంకె కావాలి. సీజన్ అయ్యాక లోపల కడిగి, తిరగేసి నీడలో పూర్తిగా ఆరబెట్టి, జిప్పుకు కాస్త మైనం రాసి, మడవకుండా చుట్టలా చుట్టి ఎలుకలు చేరని చోట పెట్టండి.